తొమ్మిది మంది, ఇరవై ఏడు నక్షత్రాలు

నిన్న మా పక్కవాటాలో దిగిన గుమాస్తాగారి భార్య మా పెద్దవాడి బుగ్గ నిమిరి, వీడిది ఏ నక్షత్రమమ్మా అని అడిగితే, పాలు పొంగుతున్నాయంటూ లోపలికి వచ్చేశాను. పొయ్యి మీద పాలు లేవు. ఊరికే అడిగిందో, ఎవరైనా అడగమన్నారో! పిల్లలు నిద్రపోయినా నాకు అదే ఆలోచన. నాతో కాలేజీలో చదువుకుని, ఇప్పుడు పిల్లల్ని పెంచుకుంటున్నవాళ్ళకు ఈ భయం గురించి వేరే చెప్పక్కర్లేదు.

పెద్దవాడు పూండిలో మా పుట్టింట్లో, తెల్లవారుజామున, మంత్రసాని చేతుల్లో పుట్టాడు. హస్తా నక్షత్రమన్నారు. అత్తవారి ఊరు జలంత్రకోటలో ఉన్న మా తోటికోడలి కొడుకుదీ హస్తే. ఒకే ఇంట్లో ఇద్దరు మగపిల్లలది ఒకే నక్షత్రమైతే ఒకరి వల్ల ఒకరికి కీడని మావగారి నమ్మకం. నేను రావచ్చునట గాని, పిల్లవాడు మూడేళ్ళు నిండేదాకా పూండిలోనే ఉండాలని కబురు పంపారు. తన తొమ్మిది మంది సంతానంలో ఏ ఇద్దరికీ నక్షత్రం కలవలేదని, ఈ దోషం కోడలి వైపు నుంచే వచ్చిందని కూడా అన్నారట.

పాలు తాగే బిడ్డను వదిలి ఎలా వెళ్ళను? ఏడుస్తూనే, కాలేజీలో నేర్చుకున్న లెక్క ఒకటి పలక మీద వేశాను. ఇరవై ఏడు గళ్ళలో కళ్ళు మూసుకుని గింజలు వేస్తున్నామనుకోండి. మొదటిది ఎక్కడైనా పడవచ్చు. రెండోది ఖాళీ గడిలో పడే అవకాశం ఇరవై ఏడింట ఇరవై ఆరు వంతులు, మూడోదానికి ఇరవై అయిదు. ఇలా వంతులన్నీ గుణించుకుంటూ పోతే, తొమ్మిది గింజలూ వేరువేరు గళ్ళలో పడే అవకాశం నాలుగో వంతు కూడా లేదు. అసలు జరగదని కాదు. కాని ఏడుపు ఆగి, నాకు అనుమానం పట్టుకుంది.

పనసతొనలతో మనవణ్ణి చూడవచ్చిన అత్తను, ఎవరూ లేకుండా చూసి అడిగేశాను. ఆవిడ గుమ్మం వైపు ఒకసారి చూసి నవ్వింది.

"సదువుకున్న కోడలొద్దని నానందుకే అన్నాను. నీ మొగుడిదీ ఆడి అన్నదీ ఒకటే రోహిణే. పొద్దు పొడిసినాక పుట్టేడని సెప్పీసి నీ మొగుణ్ణి మృగశిరలోకి తోసీసేను. లేపోతే మా అత్త ఆణ్ణి ఇంట్లోకి రానిచ్చీదేటి? ఇప్పుడిద్దరూ దున్నల్నాగ లేరేటి?"

ఊరికి వెళ్ళి, మంత్రసాని నిద్రమత్తులో వేళ తప్పు చెప్పిందని ఆవిడే మావగారితో అంది. మావాడు చిత్తా నక్షత్రంవాడయ్యాడు. నా ఒళ్ళో పడుకునే బండెక్కి జలంత్రకోట వచ్చాడు.

ఈమధ్యనే మా రెండోది టెక్కలి ఆసుపత్రిలో పుట్టింది. నర్సమ్మ గోడగడియారం చూసి, నిమిషాలతో సహా వేళ అందరికీ వినబడేలా చెప్పింది. అత్త ఆ గడియారం వంక దొంగను చూసినట్టు చూసింది. అబద్ధమాడే పని తప్పింది, మంచిదే. కాని పిల్లలున్న ఇళ్ళలో నక్షత్రాలు కలుస్తూనే ఉంటాయి, మావగార్లూ కబుర్లు పంపుతూనే ఉంటారు; బిడ్డను మెల్లగా పక్క నక్షత్రంలోకి జరపడానికి మాత్రం ఇక అత్తల చేతిలో అరగంటైనా లేదు.