అన్నయ్య భుజంలోని ఎముక ముక్క

మా అన్నయ్య ఎడమ చేతి రెండు వేళ్ళకు స్పర్శా కదలికా పోయాయని మిరప కోతల్లో తెలిసింది. కోసిన కాయలు సంచిలో పడకుండా నేల మీద పడుతుంటే వదిన చూసి నాకు ఫోన్ చేసింది. మర్నాడే అన్నయ్యని సత్తెనపల్లి నుంచి నేనుండే గుంటూరు రప్పించాను. మెడ దగ్గర నరం నొక్కుకుపోయి ఉండొచ్చు, ఎమ్మారై తీయించమన్నారు డాక్టరు గారు.

అన్నయ్య పదిహేడేళ్ళు సైన్యంలో చేశాడు. సరిహద్దు కందకంలో కాపలా ఉండగా మోర్టారు గుండు వచ్చి పడింది. పక్కనున్న స్నేహితుడు అక్కడికక్కడే పోయాడు. అన్నయ్య ఒంట్లో ఇనుప ముక్కలు దిగాయి. ఇంటికొచ్చాక "అన్నీ తీసేశారు" అన్నాడు. అంతకు మించి మేమెవరమూ అడగలేదు.

స్కానింగ్ సెంటర్లో టెక్నీషియన్ అమ్మాయి కాగితం పట్టుకుని వచ్చింది.

"ఒంట్లో రాడ్లు, ఇనుప ముక్కలు లాంటివేమైనా ఉన్నాయా అండీ?"

"లేవమ్మా."

"మరి మెడ మీద ఆ మచ్చేంటండీ?"

"చిన్నప్పుడు పడ్డాను."

నేను ఉలిక్కిపడ్డాను. అన్నయ్య అబద్ధమాడగా వినడం అదే మొదలు. ఆ అమ్మాయి కాగితం నా ముందుకు జరిపి, ఇనుమేమీ లేదని సంతకం పెట్టమంది. పెన్ను తీసుకున్నాను కానీ చెయ్యి కదల్లేదు. అప్పటికే అన్నయ్యని లోపలికి తీసుకెళుతున్నారు. గుమ్మంలో ఆగి తలుపు పట్టుకున్నాడు. అంత ఏసీలోనూ మెడ వెనక చెమట కారుతోంది.

"ఆపండి! లోపలికి తీసుకెళ్ళొద్దు! అది మోర్టారు దెబ్బ!" అని అరిచాను.

అమ్మాయి ముఖం పాలిపోయింది. "ఆ మిషన్ ఇనుమును లాగేస్తుందండీ. వెన్నుపూస పక్కనుంటే ఏమయ్యేదో తెలుసా?" అని గద్దించింది. ముందు ఎక్స్‌రే తీయించమంది.

ఎక్స్‌రేలో రెండు ముక్కలు కనబడ్డాయి. ఒకటి ఇనుము, వెన్నుపూసను ఆనుకుని ఉంది. రెండోది భుజం కండలో. డాక్టరు గారు దాన్ని చాలాసేపు చూశారు.

"ఇది ఎముకలా ఉందే. మీకేమీ విరగలేదుగా?"

"నాది కాదండి," అన్నాడు అన్నయ్య. "పక్కనున్నవాడిది. మిలిటరీ డాక్టర్లు అప్పుడే చెప్పారు. తీస్తామంటే నేనే వద్దన్నాను."

బయటికొచ్చాక అడిగాను. "ఎందుకు దాచావన్నయ్యా? ప్రాణం పోయేదిగా!"

"ఇనుముందంటే భుజందాకా ఎక్స్‌రే ఫోటో తీస్తారు. ఫోటోలో వాడు కనపడతాడు. నలుగురికీ తెలుస్తుంది." భుజం తడుముకున్నాడు. "వాళ్ళమ్మ చీరాల దగ్గరుంటది. రంజాన్‌కి వెళ్ళినప్పుడల్లా నన్ను సమాధి దగ్గరికి తీసుకెళ్తది. కొడుకుని మొత్తంగా పూడ్చాననుకుంటోందమ్మా ఆవిడ."

వారం తిరక్కుండానే ఆపరేషన్ చేసి ఇనుము తీశారు. ఉంగరపు వేలు కదిలింది. చిటికెన వేలు ఇప్పటికీ కదలదు. చొక్కా గుండీలు వదినే పెడుతోంది.

ఆపరేషన్ రోజు మత్తు వదలగానే అన్నయ్య నన్ను దగ్గరికి పిలిచి అడిగాడు.

"ఇనుమొక్కటే తీశారుగా?"

అవునన్నాను. మంచానికి అటువైపు నిలబడ్డ వదిన, "ఇంకేముంటుంది తీయడానికి?" అంది. నేను అన్నయ్య భుజం మీదికి దుప్పటి లాగాను.