సుగెనో వంగిన నలభై సెకన్లు

సుగెనో తత్సురోకు నడుం పట్టేసింది సరిగ్గా అభిమానుల ముందు వంగినప్పుడే. జపాన్ సముద్రం ఒడ్డునున్న మూడో డివిజన్ ఫుట్‌బాల్ క్లబ్బులో అతను రైట్ బ్యాక్, అంటే కుడివైపు డిఫెండరు. వయసు ముప్ఫై నాలుగు. ఆ ఆదివారం నాలుగు గోల్స్ తేడాతో ఓడి, జట్టంతా ఎప్పటిలాగే గోల్ వెనక స్టాండు ముందు వరసకట్టి నడుం వంచి నమస్కరించింది. అందరూ లేచారు. ఇతను లేవలేదు, లేవలేక.

సీనియర్ వంగి ఉండగా తాను నిటారుగా నిలబడడమేమిటని పక్కవాడు మళ్లీ వంగాడు. వాణ్ణి చూసి అవతలివాడు, చివరికి కోచ్ కూడా. తిట్టడానికి గొంతులు సవరించుకుంటున్న స్టాండు బిత్తరపోయి, లేచి నిలబడి, తానూ వంగింది. ముందు ఎవరు లేవాలో ఎవరికీ తెలియదు. అలా నలభై సెకన్లు గడిచాయి.

"అన్నా, ఏడుస్తున్నావా?" అన్నాడు గోల్‌కీపర్ గుసగుసగా.

"నడుం రా నాయనా! పట్టుకుని లేపు."

గోల్‌కీపర్ భుజం పట్టి లేపడం కూడా అభిమానులు తీసిన వీడియోలో పడింది. "ఓటమి బరువు మోసిన మనిషి" అని దానికి ఎవరో పేరు పెట్టారు. అంతవరకు సుగెనో సోషల్ మీడియా అకౌంటును చూసేవాళ్లు మూడు వందల మంది. అందులో సగం అత్తగారి ఇరుగుపొరుగు. వారం తిరిగేసరికి నాలుగు లక్షలయ్యారు.

నిజం చెబితే? జనవరితో ఒప్పందం అయిపోతుంది. ముప్ఫై నాలుగేళ్ల డిఫెండరు నడుం నొప్పని నోరు విప్పితే ఇంకో ఏడాది ఎవరు ఆడనిస్తారు? అతనికి కావలసింది ఆ ఒక్క ఏడాదే. అందుకే నోరు మూసుకున్నాడు.

ఇక ప్రతి మ్యాచ్ తర్వాతా వంగాలి. అతని పేరున్న తువ్వాళ్లు పైకెత్తి, ఫోన్లు పట్టుకుని జనం ఎదురుచూసేవారు. వంగిన కొద్దీ నడుం పాడైంది. ఆగస్టుకి జట్టులో చోటు పోయింది, సెప్టెంబరుకి బెంచీ మీద కూడా. ఆటలో లేకపోయినా, చివర్లో వచ్చి వంగడం మాత్రం తప్పలేదు.

"నువ్వు ఆటగాడివా, హోటల్ గుమ్మం దగ్గర నిలబడే మనిషివా?" అంది భార్య చిహారు, వీపు మీద నొప్పి పట్టీ అంటిస్తూ.

"ఈసారి మూడు సెకన్లే."

"పోయిన వారమూ అలాగే అన్నావ్. పదకొండు లెక్కపెట్టాను."

"ముందు వరసలో ముసలావిడ కళ్లు తుడుచుకుంటోందే! ఎలా లేవమంటావ్?"

నవంబరులో క్లబ్బు మేనేజరు కుజుమే పిలిపించాడు. "సుగెనో-సాన్, ఆటగాడిగా మిమ్మల్ని ఇక ఉంచుకోలేం."

సుగెనో అన్నీ కక్కేశాడు. "అది మర్యాద కాదండీ, నడుం పట్టేసింది. రెండు నెలలు వైద్యం చేయించుకుంటే మళ్లీ పరిగెత్తగలను. ఒక్క ఏడాది ఇవ్వండి."

కుజుమే టీ కప్పును పక్కకి జరిపాడు. "ఆ రోజే గోల్‌కీపర్ చెప్పాడు. జనం వస్తున్నారు కదా అని ఊరుకున్నాం. అప్పుడే వైద్యం చేయించి ఉంటే..." మాట పూర్తిచేయకుండా లేచి, క్షమాపణగా లోతుగా వంగాడు.

పెద్దమనిషి అంత వంగితే ఇతను ఊరుకుంటాడా? ఇంకా కిందికి వంగాడు.

క్లబ్బు వీడ్కోలు ప్రకటన పెట్టిన రోజు లక్షా యాభై వేల మంది గుండె గుర్తులు వేశారు. తన ఆట గురించి ఒక్క మాటైనా ఉంటుందేమోనని సుగెనో ఫోను వదల్లేదు. కామెంట్లలో ఒకచోట ఎవరో అడిగారు: "ఇంతకీ ఈయన ఏ పొజిషన్?"

దాని కింద జవాబు: "గోల్‌కీపర్ అనుకుంటా."

"ఇటివ్వు, చాలు," అంది చిహారు.

అతను ఇవ్వలేదు. ఇంకా కిందికి జరుపుతూనే ఉన్నాడు.