మగ్గం పాటకు నాటకాల చెక్క

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, వేసవి మొదట్లో, నన్ను అనంతపురం ప్రాంతంలోని ఒక రేడియో కేంద్రానికి కార్యక్రమ నిర్వాహకుడిగా వేశారు. జానపద సంగీతం నా బాధ్యత. అక్కడ వేసవి పోస్టింగంటే పనిష్మెంటేనని మిత్రులు ఆటపట్టించారు. స్టూడియోలో ఏసీ ఉంటుందని నా ధీమా నాది.

రేడియోలో పాడాలంటే ముందు స్వరపరీక్ష నెగ్గాలి. పాటలు మేము రికార్డు చేసి, పేరు లేకుండా నంబరు మాత్రం వేసి, వేరే ఊళ్లోని కమిటీకి పంపుతాం. వాళ్లు ముఖం చూడరు, సిఫార్సు వినరు. ఆ పద్ధతి మీద నాకిప్పటికీ గౌరవమే.

ఆ ఏడు వచ్చినవాళ్లలో ధర్మవరం నుంచి లక్ష్మీదేవి అనే నేతగత్తె ఉంది. యాభై దాటిన మనిషి. పట్టుచీరలు నేస్తూ పాడే పాటలు అత్తగారి దగ్గర నేర్చుకుంది. ఆవిడ పోయాక ఆ వీధిలో అవి పూర్తిగా వచ్చింది ఈమె ఒక్కరికే. స్వరపరీక్ష అప్పటికే రెండుసార్లు తప్పింది. "ఈసారి గూడా కాకుంటే ఇంగ రాను సార్. వీధిలో తలెత్తుకోలేకుండా ఉండాను" అని వస్తూనే చెప్పేసింది.

ఎర్రలైటు వెలిగింది. ఆమె పాట ఎత్తుకుంది. రెండో చరణానికే లయ జారింది, గొంతు సన్నబడింది. ఆపించి, ఏమైందని అడిగాను.

"ఈడ సద్దే లేదు సార్. నా ఊపిరి నాకే వినిపిస్తాంది. భయమైతాంది."

నేలకు తివాచీ పరిచి, గోడలకు అట్టలు కొట్టి మేము ఎంతో కష్టపడి తెచ్చుకున్న నిశ్శబ్దం అది. మగ్గం మీద ఆమె పాట కాలి తొక్కుడుతో నడుస్తుంది. మా శబ్దాల భండారంలో మగ్గం చప్పుడు వెతికించి ఆమెకు హెడ్‌ఫోన్ పెట్టించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆమె కాసేపు విని ఫక్కున నవ్వింది. "ఎవురో సోమరోడు నేస్తాండాడు సార్!"

అప్పుడు నాటకాల స్టూడియోలోని చెక్క పలక గుర్తొచ్చింది. అడుగుల చప్పుడు కోసం రాజులూ దొంగలూ పోలీసులూ అందరూ దాని మీదే నడిచేవారు. తెప్పించి ఆమె కాలి కింద పెట్టించాను. మా ఇంజనీరు ఖాదర్ బాషా గుంతకల్లు మనిషి, ముక్కుసూటి. "ఏమన్నా, ఇది స్వరపరీక్షా, నాటకమా? ఈ దబదబ ఇంటే కమిటీ పక్కన పడేస్తాది" అన్నాడు. అతని మాట కొట్టిపారేసేది కాదు, నాకూ భయమేసింది. కానీ చెక్క లేకపోతే ఆమె తప్పడం ఖాయం. నిబంధనల ప్రకారం జానపదానికి ఒక వాద్యం తోడు ఉండవచ్చు కనుక, ఫారంలో వాద్యం దగ్గర 'తొక్కుడు చెక్క' అని రాసి రికార్డు చేయమన్నాను. పలక మీద కాలు పడింది. ఆ గొంతు అంతసేపూ ఎక్కడ దాక్కుందో గాని, గది నిండిపోయింది. మొదటి పాట కాగానే ఖాదర్ బాషా తనే లోపలికి వెళ్లి, మైకును చెక్క వైపు కాస్త వంచి వచ్చాడు.

కొన్ని వారాలకు జవాబు వచ్చింది. గాయని ఉత్తీర్ణురాలు. కింద ఒక అభ్యంతరం: తొక్కుడు చెక్క కళాకారునికి గ్రేడు లేదు, అతణ్ని విడిగా స్వరపరీక్షకు పంపవలెను. సదరు కళాకారుడు గాయనిగారి కుడికాలు అయినందున విడిగా పంపుట సాధ్యపడదని సవినయంగా బదులు రాశాను. ఉద్యోగంలో నేను అంత సంతోషంగా రాసిన జాబు మరొకటి లేదు.

ఆమె పాట ప్రసారమైన మరునాడు ఫోను చేసింది. "మా వీధంతా మగ్గాలు నిలిపి ఇన్నారు సార్. సగం పాట కాకముందే అందురూ మళ్లీ తొక్కడం మొదలుపెట్టినారు. కాళ్లు ఆగలేదంట!"

ఆ తర్వాత జానపదం పాడవచ్చిన ప్రతివారినీ, ఏ పని చేస్తూ పాడతారని ముందుగా అడిగేవాణ్ని. విసిరేవాళ్లకు తిరగలి తెప్పించాను, కలుపు తీసేవాళ్లను నేల మీద కూర్చోబెట్టాను. పాటను పని నుంచి విడదీసి రమ్మంటే సగమే వస్తుంది. మిగతా సగానికి స్టూడియోలో చోటు చూపించడం కార్యక్రమ నిర్వాహకుడి పని.