ప్లగ్ తీశాను

ఆ మంగళవారం నా డైరీలో మొదటి వాక్యం ఇది: "ఉదయం ఆరున్నర. కంప్యూటర్ లేవలేదు."

నలభై ఏళ్ళకు పైగా డైరీ రాస్తున్నాను. హార్బర్ స్టోర్సులో పనిచేసినన్నాళ్ళూ తాళ్ళు, రంగు డబ్బాలు, బోల్టులు ఎన్ని వచ్చాయో ఎన్ని వెళ్ళాయో రాయడం నా ఉద్యోగం. ఇంటికొచ్చాక షిప్ ఏ రోజు వచ్చింది, వాన ఎప్పుడు పట్టుకుంది, ఇంట్లో ఎవరికి జ్వరం అన్నవి రాయడం అలవాటు. రిటైరయ్యాక ఉద్యోగం పోయింది గానీ అలవాటు పోలేదు. అందుకే ఆ వారం సంగతి నా జ్ఞాపకం మీద ఆధారపడకుండా చెప్పగలను.

"లేవలేదు" అని రాశానే గానీ అసలు అది లేస్తూ పడుతూ ఉంది. స్విచ్ వేస్తే నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వచ్చేవి. తర్వాత మామూలుగా వచ్చే బొమ్మ వచ్చేది. రెప్పపాటు నీలం తెర మెరిసి మళ్ళీ మొదటికి వెళ్ళేది. ఏడుసార్లు లెక్కపెట్టి ఆపేశాను.

ఉత్త కంప్యూటరే అయితే అంత కంగారు పడేవాణ్ణి కాదు. మా సంఘం బాప్తిస్మాల రిజిస్టరు అందులో ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక ఈ దీవులకు జనాన్ని తెచ్చి నిలబెడుతున్న రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి మా నాన్న, ఆయనతోపాటు మరికొన్ని కుటుంబాలు వచ్చి జంగ్లీఘాట్‌లో ఒక రేకుల షెడ్డులో తెలుగు ఆరాధన మొదలుపెట్టారు. రిజిస్టరు కూడా అప్పుడు మొదలుపెట్టినదే. ఇక్కడే పుట్టామని చూపించడానికి మాలో చాలామందికి వేరే కాగితం లేదు. చెదలు పట్టడం మొదలైందని తెలిశాక, ఒక వానాకాలమంతా కూర్చుని పేజీ తర్వాత పేజీ స్కాన్ చేశాను. మరుసటి ఏడు చెదలు అసలు పుస్తకాన్ని అట్టతో సహా తినేశాయి.

సోమవారం సాయంత్రం మా ఎదురింటి అమ్మాయి వచ్చింది. నర్సింగులో చేరాలనుకుంటోంది. దీవుల వాళ్ళకు ఉంచిన సీటు కావాలంటే ఆమె కుటుంబం ఇక్కడ ఎప్పటి నుంచి ఉందో చూపాలి. వాళ్ళ తాత ఇక్కడే పుట్టాడు. దానికి మిగిలిన ఆధారం ఆ రిజిస్టరులో ఒకే ఒక్క లైను. దరఖాస్తు శుక్రవారం సాయంత్రంలోగా ఇవ్వాలి. ఆ సోమవారమంతా కరెంటు లేదు. "రేపు పొద్దున్నే ప్రింటు తీసిస్తానమ్మా" అని మాట ఇచ్చాను.

మంగళవారం ఎనిమిదింటికి గుమ్మంలో నిలబడింది.

"తాతగారూ, అయిపోయిందా?"

"కంప్యూటర్ లేవలేదమ్మా."

"మరి మా తాత?"

"మీ తాత లోపలే ఉన్నాడు. ఎక్కడికీ పోడు."

వంటింట్లోంచి మా ఆవిడ అంది. "ఉన్నాడో లేడో మీకేటి తెలుసండీ? చూసి చెప్తున్నట్టు చెప్తన్నారు. పిల్ల ముఖం చూడండి ముందు."

నేను ముందుజాగ్రత్త లేని మనిషిని కాను. స్కాన్ చేసిన పేజీలన్నీ ఒక సీడీ మీదికి ఎక్కించి, బీరువాలో బట్టల మధ్య కలరా ఉండలతో పెట్టాను. తీసి చూస్తే సీడీ వెనక వెండి పూత మీద తెల్లటి బూజు, గోడకు పట్టే చెమ్మలాగా. బూజు తుడిస్తే దాంతోపాటు పూత కూడా వచ్చేసింది.

తర్వాత, కంప్యూటర్‌తో వచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్ సీడీ పెట్టాను. పాతదాన్ని చెరపకుండా బాగుచేసే దారి ఏదైనా చూపిస్తుందేమో అని. అది చాలాసేపు గిరగిరా తిరిగి, ఈ కంప్యూటర్‌లో హార్డ్ డిస్కే లేదంది. ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు డైరీలో ఎక్కించుకుని, మెషీన్ ఆపి, ప్లగ్ తీసి, ఆటో పిలిచాను.

డైరీ ఫార్మ్ అనే పేటలో కంప్యూటర్లు బాగుచేసే ఒకావిడ ఉంది. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఇక్కడే పుట్టిన తెలుగు మనిషి. ఊరంతా దీదీ అంటారు. భర్త కౌంటరు చూసుకుంటాడు, స్క్రూడ్రైవరు ఆవిడ చేతిలో ఉంటుంది. విషయమంతా విని, మూత విప్పి, డిస్క్ దగ్గర చెవి పెట్టి చప్పుడు విన్నది.

"తిరుగుతోంది అంకుల్. చచ్చిపోయినట్టు లేదు."

"వేరే కంప్యూటర్‌కి తగిలించి చూడకూడదా తల్లీ?"

"నా దగ్గరున్నవన్నీ వెడల్పు పట్టీ కేబుల్ మెషీన్లు. మీది సన్న కేబులు. మధ్యలో పెట్టే అడాప్టర్ చెన్నై నుంచి షిప్ మీద వస్తోంది."

"షిప్ ఎప్పుడు?"

"ఆదివారం అంటన్నారు. సముద్రం ఒప్పుకుంటే."

శుక్రవారం గడువని ఆవిడకు మళ్ళీ చెప్పాను. "సమఝ్ గయీ అంకుల్, మీరు నాలుగోసారి చెప్పేరు" అంది.

ఆవిడ ఆలోచన ఇది. ఆ ఆపరేటింగ్ సిస్టమ్ సీడీ పాతది. ఈ రకం డిస్క్‌తో మాట్లాడడం దానికి రాదు. మాట్లాడించే చిన్న ప్రోగ్రాము, అంటే డ్రైవరు, విడిగా ఫ్లాపీ మీద అందించాలి. సెటప్ మొదలవగానే ఎఫ్-సిక్స్ నొక్కితే అది ఫ్లాపీ అడుగుతుంది. డ్రైవర్‌తో డిస్క్ కనబడితే అప్పుడు మిగతాది చూడవచ్చు. డ్రైవరు నెట్‌లో దొరుకుతుంది. అప్పట్లో మాకు నెట్ శాటిలైట్ మీద ఆకాశం నుంచి దిగేది, మబ్బు పడితే ఆగేది. బుధవారం పొద్దున్న మొదలుపెట్టిన డౌన్‌లోడు మూడుసార్లు తెగి, మధ్యాహ్నం భోజనాల తర్వాత పూర్తయింది.

ఇక ఫ్లాపీలు. ఆవిడ డ్రాయరు నిండా ఉన్నాయి గానీ మా సీడీకి పట్టిన జబ్బే వాటికీ పట్టింది. ఎనిమిదోదాన్ని మెషీన్ చదివింది. డ్రైవరు ఎక్కించేసరికి కరెంటు పోయింది. ఆవిడ భర్త షట్టరు సగం దించి, "కల్ ఆయియే అంకుల్" అని రేపటికి రమ్మన్నాడు. ఆ అమ్మాయి ఇంట్లో వాళ్ళకు ఏం చెప్పాలో తెలియక మా ఇంట్లోకి వెనక వైపు నుంచి వెళ్ళాను. అది కూడా డైరీలో ఉంది.

గురువారం నేను వెళ్ళేసరికి దీదీ తెర ముందు కూర్చుని ఉంది. "దేఖియే" అని చూపించింది. ఎఫ్-సిక్స్, ఫ్లాపీ, ఎంటర్. డిస్క్ కనబడింది. పేరు, కొలత, అన్నీ.

"ఇప్పుడు దీని మీదే కొత్తగా ఎక్కించేస్తాను. ఫార్మాట్ చెయ్యను. పాతవి బహుశా అలాగే ఉంటాయి."

"బహుశానా?"

"అంకుల్, నేను దేవుణ్ణి కాదు."

"అయితే ఎంటర్ నొక్కొద్దు తల్లీ. ఇంకొంచెం చూద్దాం."

ఆవిడ కీబోర్డు మీంచి చేతులు తీసేసింది.

"ఒక మాట చెప్పండి. శనివారం దాకా ఈ మెషీన్ నడిచింది కదా. అప్పుడు ఈ డ్రైవరు లేదు కదా. మరి ఏటి మార్చేరు?"

"ఏమీ మార్చలేదు."

"అందరూ ఇదే చెప్తారు. వాళ్ళ పిల్లలు వైరస్ తెచ్చినా ఇదే చెప్తారు."

"నా దగ్గర రాసి ఉంది" అన్నాను. కొంచెం కోపం కూడా వచ్చింది. సంచీలోంచి డైరీ తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ అటూ ఇటూ తిప్పి తిరిగి ఇచ్చేసింది.

"నాకు తెలుగు చదవడం రాదు అంకుల్. మాట్లాడ్డమే. మీరే పఢ్‌కే సునాయియే."

ఎవరి డైరీ వాళ్ళు పైకి చదవడం కంటే ఇబ్బంది ఇంకోటి లేదు. దుకాణంలో మరో ఇద్దరు కూర్చుని ఉన్నారు. శనివారం నుంచి వెనక్కి చదవడం మొదలుపెట్టాను.

"శనివారం. కంప్యూటర్ గడియారం నలభై నిమిషాలు వెనక. సరిచేశాను. సంఘం ఉత్తరాలు రెండు. సాయంత్రం ఆరింటికి ఆపాను. ప్లగ్ తీశాను. శుక్రవారం. గడియారం అరగంట వెనక. సరిచేశాను. మోకాలికి నూనె. ఆపాను. ప్లగ్ తీశాను. గురువారం..."

"రుకియే రుకియే. ఆ గడియారం ఎన్ని రోజుల నుంచి వెనకబడతంది?"

పేజీలు తిప్పాను. "మూడు వారాలు."

"రోజూ వెనకబడితే రోజూ సరిచేసేరా? ఎందుకు వెనకబడతందని అడగలేదా?"

"గడియారం వెనకబడితే ఎవరైనా సరిచేస్తారు కదమ్మా."

"మంగళవారంది చదవండి."

"ఉదయం ఆరున్నర. కంప్యూటర్ లేవలేదు. అంతకుముందు తెర మీద తేదీ జనవరి ఒకటి, మనం కొనడానికి రెండేళ్ళ ముందుది. ఇంగ్లీషులో ఏదో వచ్చి ఎఫ్-వన్ నొక్కమంది. నొక్కాను."

దీదీ నుదురు మీద చెయ్యి పెట్టుకుంది. "ఇది నాకు మంగళవారమే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు ఏం మార్చారని అడిగావు. నేనేమీ మార్చలేదు."

బల్ల మీద కూర్చున్న ఇద్దరిలో ఒకాయన పైకే నవ్వేశాడు. "దీదీ, అంకుల్ సహీ బోల్ రహే హైఁ" అని నా మాటే నిజమన్నాడు. ఆ ఎఫ్-వన్ రెండు రోజులుగా తన దగ్గరా వస్తోందని, చదవకుండా తానూ నొక్కుతున్నానని ఆవిడ తర్వాత ఒప్పుకుంది.

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది. గోడ నుంచి కరెంటు రానప్పుడు గడియారాన్ని నడిపేది, లోపలి సెట్టింగులను గుర్తుపెట్టుకునేది అదే. డిస్క్‌తో పాత పద్ధతిలో మాట్లాడాలా కొత్త పద్ధతిలోనా అన్నది ఆ సెట్టింగుల్లో ఒకటి. కొన్న రోజున అమ్మినాయన దాన్ని పాత పద్ధతికి మార్చి ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాడు. ఆ రోజు పేజీలో "ఏదో మార్చి, ఇప్పుడు సరిపోయింది అన్నాడు" అని నేనే రాసి ఉన్నాను. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయాక మెషీన్ అదంతా మరిచిపోయి కొత్త పద్ధతికి వెళ్ళిపోయింది. పాత పద్ధతిలో ఎక్కించినది కొత్త పద్ధతిలో లేవలేక పడిపోతోంది.

"ఈ బ్యాటరీ ఎన్నో ఏళ్ళు రావాలి అంకుల్. మెషీన్ ఆపినా ప్లగ్ గోడకే ఉంటే దీని మీద బరువు పడదు. రోజూ ప్లగ్ ఎందుకు తీస్తారు?"

ఎందుకు తీస్తామో చెప్పాను. నా చిన్నతనంలో జనరేటరు కరెంటు సాయంత్రం కొన్ని గంటలే. పోయి వచ్చేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ వచ్చేది. మా నాన్న కొన్న మొదటి రేడియో అలా కాలిపోయింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఏ వస్తువూ పని అయ్యాక గోడకు తగిలి ఉండదు. మా వీధిలో అందరికీ ఇదే అలవాటు. సెలవు దినాల్లో ప్లగ్గులు తీశారా లేదా అని పిల్లల్ని లేపి మరీ అడిగేవాణ్ణి. ఈసారి ఆదివారం ఆరాధన రోజని కంప్యూటర్ ముట్టుకోలేదు, సోమవారం కరెంటు లేదు. బ్యాటరీకి మిగిలిన ఊపిరి ఆ రెండు రోజుల్లో అయిపోయింది.

"మా అమ్మ ఫ్రిజ్‌కి కూడా తీసేసేది" అంది దీదీ. "పాలు విరిగిపోయేవి."

వేరే బోర్డు మీంచి బ్యాటరీ ఊడదీసి మాదానికి పెట్టింది. ఆ సెట్టింగులుండే నీలం పేజీలోకి వెళ్ళి, మళ్ళీ పాత పద్ధతికి ఒక్క మాట మార్చింది. సీడీ, ఫ్లాపీ రెండూ తీసేసి స్విచ్ వేసింది. బొమ్మ వచ్చింది. నీలం తెర రాలేదు. నా ఫోల్డర్లు ఎక్కడివి అక్కడే కనబడ్డాయి. రెండు రోజులు డ్రైవరు కోసం తిరిగాం. ఆ డ్రైవరు అవసరమే లేదు.

ఇంటికి రాకముందే ఆ దుకాణంలోనే ప్రింటు తీయించాను. రిజిస్టరు మొత్తం కొత్త సీడీలు మూడింటి మీద ఎక్కించుకున్నాను. ఒకటి చర్చికి, ఒకటి రంగత్‌లో ఉన్న మా చెల్లెలికి, ఒకటి నాకు. ఇల్లు చేరి, అమ్మాయిని పిలిచి, ప్రింటులో ఆ లైను చదివి వినిపించాను. ఆ తరం పాస్టరుగారి గుండ్రటి చేతిరాత. తండ్రి పేరు, తల్లి పేరు, తర్వాత: "ఇరువది దినముల శిశువు. జంగ్లీఘాట్‌లో పుట్టెను. తండ్రి చేపలు పట్టువాడు." ఆ అమ్మాయికి తెలుగు అక్షరాలు రావు. "ఇంకోసారి చదవండి తాతగారూ" అని రెండుసార్లు చదివించుకుంది.

ఆ సాయంత్రం కంప్యూటర్ ఆపి, ప్లగ్ గోడకే వదిలేసి డైరీ రాయడానికి కూర్చున్నాను. రాయడం అయ్యాక చూస్తే ప్లగ్ నేల మీద ఉంది.

"ఉరిమిందండీ" అంది మా ఆవిడ. "మీరు మర్చిపోయేరు కదా అని నేనే తీసీసేను."

శుక్రవారం సంఘ కార్యదర్శిగా నేను కూడా అమ్మాయితో దరఖాస్తు ఇచ్చే ఆఫీసుకు వెళ్ళాను. పాస్టరుగారి సంతకంతో హిందీ అనువాదం జతచేశాం. అయినా కౌంటరులో ఆయన తెలుగు పేజీనే పైకి తీసి, "ఇస్ మేఁ కహాఁ లిఖా హై?" అని, ఎక్కడ రాసి ఉందో అమ్మాయినే అడిగాడు. నేను నోరు తెరిచేలోపు ఆమె కాగితం మీద వేలు పెట్టి, ఇరవై రోజుల బిడ్డ, జంగ్లీఘాట్‌లో పుట్టాడు, తండ్రి చేపలు పట్టేవాడు అని హిందీలో చెప్పేసింది. ఒక్క ముక్క తప్పు పోలేదు.

వేలు మాత్రం ఒక లైను పైన ఉంది. అక్కడున్నది మరెవరి బిడ్డో. నేను కళ్ళజోడు సర్దుకుంటున్నట్టు ముందుకు వంగి, కాగితాన్ని ఒక లైను పైకి జరిపాను. ఆయన చూడలేదు. స్టాంపు వేసి రసీదు ఇచ్చాడు.

"దరఖాస్తు అందింది. మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు" అని రాసుకున్నాను. సీటు వచ్చిన సంగతి తర్వాతి డైరీలో ఉంది.