బొటనవేలికి తగలని గాలి

నేను ఏడో తరగతితో బడి మానేశానంటే వినేవాళ్ళు నా మీద జాలిపడతారు. పడవలసింది మా సార్ల మీద. అన్నేళ్ళు నన్ను భరించింది వాళ్ళు. అలాంటి నన్ను సౌదీ ప్రభుత్వం ఇకామా అనే నివాస కార్డు మీద ‘సాంకేతిక నిపుణుడు’ అని రాసింది. అరబ్బీ చదవడం రాదు కాబట్టి నవ్వు ఆపుకోగలిగాను.

ఆ కార్డుకు ఇంకా గడువు ఉంది కనుకే నాకు జోకులు వచ్చేవి. రియాద్ వర్క్‌షాపుల పేటలో నాతో పనిచేసే జగిత్యాల అన్నకు ఆ గడువు తీరిపోయింది. ఆయన వీసాకు పూచీ ఉన్న కఫీల్ కంపెనీ, సౌదీలను సరిపడా పనిలో పెట్టుకోక నితాఖత్ లెక్కలో ఎరుపులో పడింది, పనివాళ్ళ మీద కట్టాల్సిన లెవీ కట్టలేదు, ఇకామా రెన్యువల్ కాలేదు. అన్న మా షాపులో చాటుగా పని చేస్తున్నాడు. తనిఖీవాళ్ళకు చిక్కితే వేలిముద్రలు తీసుకుని విమానం ఎక్కిస్తారు, మళ్ళీ రానివ్వరు. మిగిలిన దారి ఒక్కటే. ఖర్జ్ దగ్గర తోట ఉన్న ఒక సౌదీ ముసలాయన, మా షాపులో పెట్టిన తన పాత పికప్‌ను మళ్ళీ నడిచేట్టు చేస్తే అన్న ఇకామాను తన పేరు మీదికి మార్పించుకుంటానన్నాడు. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక వచ్చి చూస్తానన్నాడు.

హెడ్డు విప్పి గ్యాస్కెట్ మార్చాం. ప్లగ్గులకు నిప్పురవ్వ పంచే డిస్ట్రిబ్యూటర్‌ను అన్న కూర్చోబెట్టాడు. నేను తాళం తిప్పాను. కార్బ్యురేటర్ తుపాకిలా పేలింది.

పక్క షాపు షట్టర్ దడాలున పడింది. దాని పక్కదీ పడింది. అలా వీధి చివరిదాకా పడుతూనే పోయాయి. తల బయటపెట్టి చూస్తే, మూల మీద తనిఖీవాళ్ళ తెల్లబండి ఆగి ఉంది. మేమూ షట్టర్ దించేశాం.

లోపల చీకటి, ఉక్క. ఫోన్ వెలుగులో అన్న డిస్ట్రిబ్యూటర్‌ను కాస్త కుడికి, కాస్త ఎడమకు తిప్పి, స్టార్ట్ చెయ్యమని సైగ చేశాడు. ఇంకోసారి పేలితే మన అడ్రసు మనమే చెప్పినట్టని గొణిగాను.  టైమింగ్ కుదరకపోతే పేటంతా వెతుక్కుంటూ వచ్చేది అన్న చేతి కోసమే. ఇప్పుడది ఎక్కడ ఆపాలో తెలియక తిప్పిందే తిప్పుతోంది. తెల్లబండి కంటే నాకు అదే ఎక్కువ భయం పుట్టించింది.

చప్పుడు లేకుండా చూడాలంటే ఒకటే పద్ధతి. ప్లగ్గులన్నీ తీసి, మొదటి ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు నొక్కిపెట్టాను. అన్న కింద పానా వేసి ఇంజిన్‌ను మెల్లగా తిప్పాడు. పుల్లీ మీది గీత గుర్తుకు ఎదురుగా వచ్చింది.

“గాలి లేదన్నా.”

“గీత కలిసింది కదరా.”

“కలిసింది. గాలి లేదు.”

ఆ గీత రెండు చుట్లలో రెండుసార్లు వస్తుంది. నిప్పురవ్వ పడాల్సింది ఒక్కసారే, లోపల గాలి బిగిసినప్పుడు. అన్న ఇంకో చుట్టు తిప్పాడు. గాలి నా వేలిని ఎగదోసింది. డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే లోపలి రోటర్ ముల్లు మొదటి ప్లగ్గు వైపు కాక, సరిగ్గా ఎదురువైపు మొహం పెట్టి ఉంది. నిద్రలో కూడా తప్పు చేయని మనిషి సగం చుట్టు తప్పాడు.

అన్న డిస్ట్రిబ్యూటర్‌ను పైకి లాగి, సగం తిప్పి దించాడు. నేను ప్లగ్గులు బిగించడం అయిందో లేదో, షట్టర్ మీద అరచెయ్యి పడింది. “ఇఫ్తహ్,” అంది ఒక గొంతు, తెరవమని. రేకు అవతల అన్ని గొంతులూ ఒక్కలాగే ఉంటాయి.

“స్టార్ట్ చెయ్,” అన్నాడు అన్న.

“ఎవలో తెల్వకుండనా?”

“ముసలాయనే అయితే బండి ఇనాలె. వాళ్ళయితే ఏం ఇన్నా ఒకటే.”

తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే అందుకుంది. అన్న చెవితో వింటూ డిస్ట్రిబ్యూటర్‌ను వెంట్రుకవాసి జరిపి, బోల్టు బిగించాడు. అప్పుడు షట్టర్ ఎత్తాను. ముసలాయనే. కాసేపు తల వంచి విని, అన్నను పక్కన ఎక్కమన్నాడు. పికప్ తెల్లబండి పక్కనుంచి, ఆగకుండా వెళ్ళిపోయింది.

తెల్లబండి మెల్లగా మా వీధిలోకి తిరిగింది. నా కార్డు చూసి తిరిగి ఇచ్చేశారు. పోతూ పోతూ మా షాపు బోర్డును ఫోటో తీసుకున్నారు. ఆ రోజు పడిన షట్టర్లలో కొన్ని మళ్ళీ లేవలేదు. మా కఫీల్ కూడా లెవీ సంగతి అడుగుదామంటే ఫోన్ ఎత్తడం మానేశాడు.

కాగితాలు మారాయని తోట నుంచి అన్న ఫోన్ చేసినప్పుడు, నిన్ను గట్టెక్కించింది నా బొటనవేలే, ఇకనుంచి నన్ను ఉస్తాద్ అని పిలువమన్నాను.

“మంచి ఏలే తమ్మీ,” అన్నాడు. “జర నీ ఇకామా మీద సుత పెట్టి సూడు, గాలి ఉన్నదో లేదో.”