ఏడో నంబరు ట్యూబు

ఆ ల్యాబులో ఆమెను అందరూ ప్లేట్లక్క అంటారు. గాజు ప్లేట్లు కడగడం, వాటిలో క్రిములకు తిండి పోయడం, మర్నాడు ఏవి బతికాయో ఏవి చచ్చాయో చూసి రాయడం పందొమ్మిదేళ్లుగా ఆమె పని. పెద్ద చదువులవాళ్లు కూడా అనుమానమొస్తే ఆమెనే పిలుస్తారు. అంత చెయ్యి తిరిగిన మనిషీ సోమవారం అంచు విరిగిన ప్లేటు పట్టుకుని, గ్లవ్‌తో పాటు వేలూ కోసుకుంది. అందులో ఉన్నది ఆస్పత్రి నుంచి తెచ్చిన, దాదాపు ఏ మందుకూ లొంగని క్రిమి.

చెబితే ఉద్యోగం ఊడుతుందని కుక్కిన పేనులా పడి ఉంది. డాక్టరు దగ్గర "కూరగాయలు తరుగుతుంటే తెగిందండీ" అంది. ఆయన మామూలు మాత్రలిచ్చాడు. ఆ క్రిమికి అవి చిరుతిళ్లని ఆమెకు తెలియదా? తెలుసు. తెలిసే మింగింది, భయం అలాంటిది మరి.

గురువారానికి వేలు ఉబ్బి, మణికట్టు దాకా ఎర్రటి గీత పాకింది.

"ఆ చెయ్యేంటి అలా ఉంది? పద, ఇంకో డాక్టరుకి చూపిద్దాం," అన్నాడు భర్త.

"ఏం కాదులే, తగ్గిపోతుంది," అని కసిరింది.

ఆమె ఆశంతా ఏడో నంబరు ట్యూబు మీదే. ల్యాబు నడిపే మేడం ఒక వైరస్ ప్రొటీన్‌లోని చిన్న ముక్కను తయారుచేయించి, ఆ ట్యూబులో పోసి, ఈ క్రిమిని చంపుతుందేమోనని పరీక్షిస్తున్నారు. ముల్లును ముల్లుతోనే తీయాలని ఆవిడ మాట. శుక్రవారం పొద్దున చూస్తే, ఆ మందు చుక్క పడిన చోట క్రిములన్నీ చచ్చి, చొక్కా గుండీ అంత మేర శుభ్రంగా ఉంది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. అటూ ఇటూ చూసి, గ్లవ్ విప్పి, ట్యూబులో దూది ముంచింది.

అప్పుడు కనబడింది పక్కనున్న నెత్తురు ప్లేటు. అదే మందు మనిషి నెత్తురును ఏం చేస్తుందో చూడడానికి పెట్టింది. అక్కడా ఏడో నంబరు చుట్టూ నెత్తురు కణాలు పగిలి, ఎరుపంతా పోయి గాజు అడుగు కనిపిస్తోంది. ఆ మందుకు క్రిమి అనీ మనిషి అనీ తేడా లేదు. ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. దూది పారేసి మేడం గదికి పరుగెత్తింది.

"మేడం, సోమవారం నా వేలు తెగింది. ఆ ఆస్పత్రి క్రిమి ప్లేటే. భయమేసి చెప్పలేదు."

మేడం ఆ చేతిని చూశారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు. ఆవిడ ఆస్పత్రికి ఫోన్ చేసి క్రిమి పేరు చెప్పి, కారు తాళాలు తీసుకున్నారు.

సగం దారిలో ఆమె అడిగింది. "ఆ క్రిమిని ఎవరి పుండులోంచి తీశారో, ఆయనకి తగ్గిందా మేడం?"

మేడం ఒక చేత్తో ఆమె బాగున్న చేతిని గట్టిగా పట్టుకుని, కారు ఇంకా వేగంగా పోనిచ్చారు.