నేను కట్టిన పెళ్లిచీర

చిత్తూరు జిల్లా మొత్తంలో నాకంటే ఒయ్యారంగా చీర కట్టిన ఆడమనిషి లేదు. నవ్వకండి. ఆ ఒయ్యారమే ఒకనాడు నా పెళ్లిని నిలువునా ముంచబోయింది. ఆ ఘోరం చెబుతాను, వినండి.

కుర్రతనంలో నేను తిరుపతిలో ఒక చీరల షాపులో సేల్స్‌మన్‌ని. మా పని మీకు తెలియనిది కాదు. పరుపు మీద చీరలు పరవాలి. ఆడవాళ్లు పెదవి విరిస్తే ప్యాంటు చొక్కా మీదే చీర చుట్టుకుని, పైట వేసుకుని, కడితే ఎలా ఉంటుందో చూపించాలి. మిగతావాళ్లు చీర చుట్టుకుంటే కరెంటు స్తంభానికి తోరణం కట్టినట్టుండేది. నేనలా కాదు, చీరకొక సిగ్గు కనిపెట్టాను. నూలు చీరకు బిడియం: తల వంచి రెప్పలు మాత్రం ఎత్తాలి. షిఫానుకు వగలు: అలిగినట్టు మొహం తిప్పుకుని ఓరకంట చూడాలి. పెళ్లిపట్టుకైతే అచ్చమైన నంగనాచి సిగ్గు: కొంగు వేలికి చుట్టుకుంటూ, బొటనవేలితో నేల మీద గీతలు గీస్తూ, ఏమీ అక్కర్లేదన్న మొహంతో అంతా చూసేయాలి. నా కులుకు చూడటానికి పక్క ఊళ్ల నుంచి బస్సులు కట్టుకుని వచ్చేవాళ్లు.

నగరిలో మగ్గాలు ఆడించే మా నాయన చెవికి ఈ కీర్తి చేరింది. దాని పుణ్యాన అప్పటికే వచ్చిన సంబంధాలు తప్పిపోయాయి. ఒకరోజు షాపుకొచ్చి మరీ హెచ్చరించాడు.

"పుత్తూరు సంబంధమోళ్లు చెప్పాపెట్టకుండా ఈడికొచ్చి నిన్ను సూసి పోతారంట. ఇది కూడా పోతే ఇంక నీకు పిల్లనిచ్చేవాడు ల్యాడు. ఆ కులుకులు కట్టిపెట్టి గమ్మున పని సూసుకో."

"వచ్చేది ఎవురు నాయనా?"

"ఎవురో పెద్దోళ్లు."

పెద్దోళ్లంటే తెల్లపంచెల మగవాళ్లేనని నా బుర్ర తేల్చేసింది. అప్పటినుంచి తెల్లపంచె కనిపిస్తే చాలు, ధ్వజస్తంభంలా బిగుసుకుపోయేవాణ్ణి. వినాయకుడి చందాకు వచ్చినాయనకు కూడా సోడా తాగించి కాళ్లకు దండం పెట్టాను.

ఒక మధ్యాహ్నం ఒక ముసలమ్మ, ఆమె మనవరాలు వచ్చి పరుపు ముందు కూర్చున్నారు. పంచె లేదు కాబట్టి ప్రమాదమూ లేదనుకున్నాను.

"పెండ్లి చీరలు సూపించబ్బా" అంది ముసలమ్మ.

గుట్ట పరిచాను. ఆమె కంటికేదీ ఆనలేదు.

"పరిస్తే ఏం తెలస్తాది? కట్టి సూపించు."

అడగాలే గానీ. మెరూన్ పట్టు చుట్టుకుని నిలబడ్డాను.

"పెండ్లికూతురు ఇట్లా రాయి మాదిరి ఉంటాదా?"

"ఉండదవ్వా. ఇట్లుంటాది, సూడు" అని కొంగు వేలికి చుట్టి, మెడ వంచి, బొటనవేలితో పరుపు మీద గీతలు మొదలుపెట్టాను. మనవరాలు తల దించుకుని కూర్చుంది. నేను నోరు మూసుకోవచ్చు కదా.

"పాపా, నీది సిగ్గు మాదిరి ల్యా, నిద్రొచ్చినట్టు ఉండాది. పెదవి కొంచెం కొరుక్కో. పెండ్లికొడుకు ఎదురుగా ఉండేటప్పుడు ఇట్లా ఓరగా సూడల్ల."

"ఎదురుగానే ఉండాడు లేబ్బా" అంది ముసలమ్మ.

నేను వెనక్కి తిరిగి చూశాను. చీర కట్టిన ప్లాస్టిక్ బొమ్మ తప్ప ఎవరూ లేరు.

"నగరి మగ్గాలాయన కొడుకువి నువ్వే గదా? మాది పుత్తూరు."

కొండ మీద గుండు చేయించుకుని, కిందికొచ్చి దువ్వెన వెతుక్కునేవాడిలా నిలబడిపోయాను. ఇన్నేళ్లు రకరకాల దొంగ సిగ్గులు పడ్డానే, ఒక్కటీ ఆదుకోలేదు. నిజం సిగ్గు వచ్చి మీద పడింది. చెవులు కాలిపోయాయి. కొంగుతో మొహం కప్పుకుని పారిపోబోతే కుచ్చిళ్లు కాళ్లకు చుట్టుకుని, చీరల గుట్టలో బోర్లా పడ్డాను.

తల ఎత్తేసరికి వాళ్లు మెట్ల దగ్గరున్నారు. ఆ అమ్మాయి వెనక్కి తిరిగి ఒక్క చూపు చూసింది. బిడియం, కులుకు, వగలు, అన్నీ ఆ చూపులోనే ఉన్నాయి. నా అసలు సిగ్గుకు ఆమె మనసు వెన్నలా కరిగిపోయింది. ఆ ఏడే పెళ్లయింది.

కొంచెం సాగదీశాను, ఒప్పుకుంటున్నాను. జిల్లా మొత్తం అన్నది మా షాపు అనుకోండి, అందులోనూ మేడ మీద. బస్సులు కట్టుకుని ఎవరూ రాలేదు. కొండ దిగిన బస్సు మా షాపు ముందు ఆగేది, అంతే. ఆ చూపు మాత్రం నిజం.

ఏడుకొండలవాడి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఏ ఆడపిల్లకూ సిగ్గుపడటం నేర్పను, కట్టుకున్నామెకు అసలే నేర్పను.

ఇదంతా రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. మునక్కాయలు తరుగుతున్నదల్లా తలైనా ఎత్తలేదు.

"సూపంట, సూపు. నా చెప్పులు యాడుండాయో అని ఎతుకుతా ఉన్నా. నువ్వు లేసి, ఒంటి మీద చీర తీసేది కూడా మర్సిపోయి, ఏడుపు మొగంతో కూర్చోని చీరలన్నీ మడత పెట్టుకుంటా ఉండావు. అది సూసి అవ్వ మెట్ల మీదనే చెప్పింది: 'ఈడికి సిగ్గుపడేది రాదు గానీ, మడత పెట్టేది బాగా వచ్చు. ఒప్పేసుకో పాపా' అని. అది రాయి."